మా మరిది తడిగుడ్డ పెట్టిన నేల

ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ, ఆదివారం, సాయంత్రం ఆరుంబావు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని వరండాలోకి వచ్చేసరికే మా మరిది కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. ఆయన కుర్చీ ముందుకు జరిగిందంటే కోతలు మొదలవబోతున్నాయని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. దుకాణంలో పొద్దస్తమానం కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేస్తాడు. అక్కడ నోరు తెరవడానికి లేదు పాపం, గట్టిగా ఊపిరి వదిలినా చిన్న చిన్న మరలు ఎగిరిపోతాయి. అందుకని ఆ మాటలన్నీ మూటకట్టుకుని ఇంటికొచ్చి విప్పుతాడు. వీధిలో ఆయన్ని జనరేటరు అంటారు. ఒకసారి తాడు లాగితే ఆగడు కనక.

ఆ సాయంత్రం తాడు లాగింది నా తోడికోడలు. తను అలాంటి మనిషి కాదు. కానీ కుడి భుజం పట్టేసి నెలలవుతోంది. జడ వేసుకోవాలంటే చెయ్యి తల దాకా లేవక, తలే వంచి చేతి దగ్గరికి తెచ్చుకుంటోంది. నీళ్ళలో చేతులు ఆడిస్తే సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు. వీధి చివర ఈతకొలనులో పొద్దున్నపూట ఒక గంట ఆడవాళ్ళకే. నేర్పే ఆవిడ సోమవారం నుంచి రమ్మంది.

"రేపట్నుంచి వెళ్ళనా అండీ?" అని ఎడంచేత్తో టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

ఆ గంటలో వంట నేను చూసుకుంటానన్నాను. ఇల్లు ఊడ్చి తుడవడం మాత్రం నా వల్ల కాదు, వంగితే నాకు కళ్ళు తిరుగుతాయి. అత్తగారికి ఆ వయసు దాటిపోయింది. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. ఇక ఇంట్లో మిగిలింది మా మరిదే. ఆ సంగతి ఆయనకి వెంటనే తట్టింది. తట్టగానే కుర్చీ ఇంకో జానెడు ముందుకు జరిగింది.

"ఈత దేనికే నీకు?" అన్నాడు. "ఇంటి పనిని మించిన వ్యాయామం ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందా? అనుభవం మీద చెబుతున్నా. పోయినేడు మీరంతా పెళ్ళికి వెళ్తే, దుకాణం మూయడం కుదరక నేనొక్కణ్ణే ఇంట్లో ఉన్నానా? అప్పుడు తెలిసింది నాకు."

అప్పుడే టీ వాసనకి వచ్చినట్టు పక్కింటి బస్సు డ్రైవరు గేటు తీసుకుని వచ్చాడు. "ఏం తెలిసింది గురూ?" అని మెట్టు మీద చతికిలబడ్డాడు. ఇక ఆపేవాళ్ళెవరు?

"చెబుతా విను. మొదటి రోజు ఏదో ఊరికే ముందుగది ఊడుద్దామని చీపురు పట్టుకున్నా. అంతే, చెమట! తువ్వాలు తడిసింది, చొక్కా తడిసింది, నా జేబులో ఉన్న రుమాలు కూడా, పాపం దానికి ఈ గొడవతో సంబంధమే లేదు, అదీ తడిసింది. సరే బాగానే ఉందే అనుకుని రెండో రోజు దుప్పట్లు ఉతికా. ఆ నీలం పూల దుప్పటి ఉంది చూడు వదినా, దాన్ని రెండు కొసలూ పట్టుకుని ఇలా మెలితిప్పి పిండితే నీళ్ళన్నీ కారిపోయాయి. నీళ్ళు అయిపోయినా నేను వదల్లేదు. ఇంకా పిండా. రంగు కారిపోయింది. ఇంకా పిండా. పూలు రాలిపోయాయి."

"పూలు దుప్పటి మీద అచ్చేసినవి కదా మరిదీ?" అన్నాను.

"అచ్చేసినవే వదినా! అదే చెబుతున్నా! అచ్చేసిన పూలు, బకెట్లో తేలుతున్నాయి. ఏరి పక్కన పెట్టా. ఆ పట్టుకి నా దండలు ఎంత లావయ్యాయంటే, మర్నాడు చొక్కా తొడుక్కోబోతే చేతులు దూరలేదు. దర్జీ దగ్గరికెళ్తే 'అయ్యా, మీ కొలతలు తీయడానికి నా టేపు చాలదు, ఇంకో టేపు అతికించుకుని వస్తా, కూర్చోండి' అన్నాడు."

అత్తగారు టీ గుటకేసి, "ఆ దండలు ఇప్పుడేమయ్యాయిరా?" అంది.

"మీరొచ్చారుగా! పని మళ్ళీ మీ కోడలు లాగేసుకుంది. వ్యాయామం మానేస్తే కండ కరిగిపోదూ?" అని తడుముకోకుండా అన్నాడు. "అది కాదమ్మా అసలు సంగతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరుపు దులిపా. మేడ మీద పిట్టగోడకేసి కర్రతో ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టా. దుమ్ము లేచింది చూడూ, వీధి కనపడలేదు! మిట్ట మధ్యాహ్నం పిట్టలన్నీ పొద్దు గూకిందనుకుని గూళ్ళకి పోయాయి. బస్సులు లైట్లు వేసుకుని పోయాయి."

"ఓహో, ఆ రోజా!" అన్నాడు డ్రైవరు మహా గంభీరంగా. "నేనూ వేశాను గురూ. ఎందుకు చీకటి పడిందా అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నా."

సాక్షి దొరికాక మా మరిదికి పట్టపగ్గాల్లేవు. నిండు గ్యాస్ బండ ఒక చేత్తో పైకెత్తి, రెండో చేత్తో దానికింద ఊడ్చానన్నాడు. ఊడ్చాక దించడం మర్చిపోయి దాన్ని చంకలో పెట్టుకునే దుకాణానికి వెళ్ళిపోయానన్నాడు. దారిలో గ్యాస్ కంపెనీ మనిషి ఎదురొచ్చి ఉద్యోగమిస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడన్నాడు. అత్తగారికి నవ్వుతో పొలమారింది. నా తోడికోడలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వినప్పుడు భుజం కదిలితే మాత్రం చిన్నగా కళ్ళు మూసుకుంటోంది.

"ఇవన్నీ ఒక ఎత్తు. తడిగుడ్డ పెట్టడం ఒక్కటీ ఒక ఎత్తు," అని లేచి నిలబడ్డాడు మా మరిది. తడిగుడ్డ కథ కూర్చుని చెప్పేది కాదు కాబోలు. "బకెట్ నిండా నీళ్ళు, కర్రకి గుడ్డ. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టా. అటో తోపు, ఇటో తోపు. ముందుగది అయిపోయింది. నడవ అయిపోయింది. వంటింట్లోకి జొరబడ్డా. చివరి గోడకి ముక్కు ఆనేదాకా ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే, నా సామిరంగా, అది నేల కాదు, అద్దం! వీధిలో పోయేవాళ్ళు గుమ్మంలో ఆగి తల దువ్వుకుంటున్నారు. ఒక పిల్లి లోపలికి తొంగిచూసి, నేలలో ఇంకో పిల్లిని చూసి, దాన్ని పలకరించి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు గురూ, ఆపకు."

"ఆకాశంలో విమానం! ఆ మెరుపు చూసి, ఇదేదో కొత్త రన్‌వే అనుకుని, చక్రాలు దించేశాడు పైలట్!"

"ఇంటికి పైకప్పు లేదా?" అన్నాడు డ్రైవరు.

"కిటికీల్లోంచి కొట్టిందయ్యా మెరుపు! వాడు కిందికి, ఇంకా కిందికి వస్తున్నాడు. కొబ్బరిచెట్టంత ఎత్తులో ఉన్నాడు. విమానం కిటికీలో ఒక ముసలాయన అన్నం తింటూ కనపడ్డాడు నాకు. నేనేం చేశా? కర్ర పట్టుకుని ఒక్క ఉరుకున వీధి గుమ్మంలోకి దూకి, తడిగుడ్డ ఇలా ఊపి, 'బాబూ, ఇది ఇల్లు, పైకి పో!' అని అరిచా. పైకి లేపాడు. పోతూ పోతూ రెక్కతో సలాం కొట్టాడు. ఆ రోజు నూట యాభై ప్రాణాలు కాపాడింది ఏమిటంటావు? ఇంటి పని! అందుకే చెబుతున్నా, ఈత గీత ఏమీ వద్దు. ఇంట్లోనే ఇంత వ్యాయామం పెట్టుకుని..."

"ఏమండీ," అంది నా తోడికోడలు. గొంతు పెంచనైనా లేదు. "విమానం వచ్చేటప్పటికి నేల ఆరిందా?"

"ఆరితే మెరుపెక్కడుంటుందే పిచ్చిమొహమా? తడితడిగా తళతళలాడిపోతోంది."

"గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ముందుకు తుడుచుకుంటూ వంటింటి గోడ దాకా వెళ్ళారు."

"ముందుకే! నేనేనాడైనా వెనకడుగు వేశానా?"

"మన వంటింటికి ఇంకో తలుపు లేదు కదండీ."

"లేదు."

"మరి గోడ దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా ఎలా వచ్చారు?"

మా మరిది వంటింటి వైపు చూశాడు, వీధి గుమ్మం వైపు చూశాడు. గాల్లో ఊపుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

అత్తగారు గ్లాసు కింద పెట్టేసింది. "ఒరేయ్! తడిగుడ్డ పెట్టేవాళ్ళు వెనక్కి నడుస్తార్రా నాయనా! ముందుకు నడిస్తే తుడిచినదంతా తొక్కుకుంటూ రావాలి. ఆ పైలట్‌కి కనపడింది రన్‌వే కాదురా, నీ పాదాలు! ఇంతింత పాదాలు చూసి భయపడి పైకి లేపాడు!"

డ్రైవరు మెట్టు మీద పడి పడి నవ్వాడు. "రివర్స్ గేరు తెలీకుండా ఇన్ని కిలోమీటర్లు నడిపావా గురూ! ఒక్కసారైనా తుడిచి ఉంటే తెలిసేది కదయ్యా!"

మా మరిదిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. దొరికిపోతే అందరికంటే గట్టిగా తనే నవ్వుతాడు. ఆ రోజూ అలాగే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నవ్వు తగ్గాక భార్య వంక చూసి, "అయితే ఇన్నేళ్ళూ నువ్వు వెనక్కే నడుస్తున్నావా?" అన్నాడు.

"వెనక్కే నడుస్తున్నానండీ. ఒక్క కుడిచేత్తోనే తోస్తూ," అంది తను.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. తర్వాత, "కొలను తలుపు ఎన్నింటికి తీస్తారు?" అని అడిగాడు.

మర్నాడు పొద్దున్నే తను తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని కూర తరుగుతోంది. మా మరిది బకెట్ తెచ్చుకున్నాడు. నేర్చుకున్న పాఠం మరవకుండా బుద్ధిగా వెనక్కే నడిచాడు. కాకపోతే వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి వెనక్కి నడిచాడు. ముందుగది, నడవ తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, వీపు గోడకి తగిలాక ఆగాడు. ఎటు చూసినా తడి. వంటింట్లో ముగ్గురం ఇరుక్కుపోయాం.

"ఇది వ్యాయామం కాదు వదినా," అన్నాడు రొప్పుతూ. "ఇది పని."

అంతలో గుమ్మంలో నా తోడికోడలు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం చంటిపిల్ల మొహంలా ఉంది. లోపలికి అడుగు పెట్టబోతే, "రాకు! తడి!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. తను మమ్మల్నీ, నేలనీ, గోడకి అతుక్కున్న మొగుణ్ణీ చూసి పగలబడి నవ్వింది. మేం వంటింట్లోనే నిలబడి టీ తాగాం. నేల ఆరేదాకా తను వీధి మెట్టు మీద కాళ్ళు చాపుకుని, ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. ఆ కాసేపూ ఏ పనికీ లేవలేదు.