మూడో చుట్ట

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురం. ముందుగదిలో ఊగుడు కుర్చీలో డెమెత్రియో తాత, వంటింట్లో ఒబ్దూలియా అత్త, పినార్ ఊళ్ళోని చుట్టల కార్ఖానా నుంచి వచ్చిన ఎవేలియో గారు, నేను. ఎవేలియో గారు అప్పటికింకా గేటు దగ్గరే ఉన్నారు.

"మళ్ళీ చెప్పు ఇదాలీ, తొందరగా. చివర కోస్తూ వాసన చూస్తావు కదా, ఘాటైన ఆకైతే?"

"టీ చిక్కగా అయింది తాతా, అంటాను."

"మెత్తటి ఆకైతే?"

"టీ పలచగా అయింది."

"మాగని పచ్చి ఆకైతే?"

"టీ మాడు వాసనొస్తోంది... తాతా, నాకు భయంగా ఉంది. నిజం చెప్పేద్దాం. జ్వరంలో నీకు వాసనా రుచీ తెలీకుండా పోయాయని చెప్తే ఎవేలియో గారు ఏమీ అనరు. నీ దగ్గరే కదా పని నేర్చుకుంది!"

"ఏమీ అనడు. రుచి చూసే బల్ల దగ్గర నా కుర్చీ తీసి ఇంకొకడికి వేస్తాడు, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఇది బాగుంది, ఇది బాగాలేదు అన్నవాణ్ణి. హవానా దాకా నా మాట చెల్లింది. రేపట్నుంచి ఏం చెయ్యను? మీ అత్త కోళ్ళని చూసి ఇది బాగుంది, ఇది బాగాలేదు అనుకుంటూ కూర్చోనా?"

"నా కోళ్ళ జోలికి రాకు నాన్నా!"

"ఒబ్దూలియా, కాఫీ గింజలు వేయించకు! ఉల్లిపాయ కొయ్యకు! పిల్ల ముక్కు పాడవుతుంది."

"మరి నల్ల చిక్కుళ్ళు ఉత్తినే ఉడకేసి పెట్టనా మధ్యాహ్నం?"

"ఉత్తివే పెట్టు. నాకైతే తేడా తెలీదు కదా... ఉష్, వస్తున్నాడు."

"లోపలికి రావచ్చా మాస్టారూ?"

"రారా ఎవేలియో. ఏమిటా పొట్ట?"

"మూడు వారాలుగా మీరు రాలేదుగా. తిట్టేవాళ్ళు లేక తిన్నది ఒంటికి పడుతోంది."

"ఇవాళ తిడతాలే. ఎన్ని తెచ్చావు?"

"మూడు. పేర్లున్న పట్టీలు తీసేశాను. ఇంకోటి మాస్టారూ... మీ కళ్ళకి ఈ రుమాలు కట్టాలి."

"గంతలా? నాకా? నువ్వు నా దగ్గరికి వచ్చిన రోజు చుట్ట ఏ చివర ముట్టించాలో కూడా తెలీదురా నీకు!"

"తెలీదు. మీరే నేర్పారు. ఇది కొత్త పద్ధతి. పై ఆకు రంగు చూసి మోసపోకూడదని అందరికీ కడుతున్నాం. క్రితంసారి మీరు బాగుందన్న చుట్టని మిగతా ఐదుగురం ఉమ్మేశాం. అందుకే నన్ను పంపారు. ఇవాళ సరిగ్గా చెప్తే సోమవారం నుంచి మీ కుర్చీ మీదే. లేకపోతే..."

"లేకపోతే సంగతి నాకు చెప్పక్కర్లేదు. కట్టు. ఇదాలీ, చివర కోసి ఇవ్వమ్మా. మా ఇంట్లో కొయ్యడం దీని పని."

"ఇదిగో తాతా... టీ... టీ చిక్కగా అయింది."

"పర్లేదు, అక్కడ పెట్టు. ముట్టించు ఎవేలియో... ఊఁ... ఘాటు. మొక్క కొసనున్న ఆకు ఎక్కువ వేశారు. బాగా ఎండ తిన్న ఆకు."

"అవును మాస్టారూ. అచ్చంగా అంతే. టీతో నోరు కడుక్కోండి. ఇది రెండోది."

"తాతా, ఈ టీ... మాడు వాసనొస్తోంది."

"ముట్టించు... థూ! తీసెయ్! పచ్చి ఆకు. కుప్పలో మాగనే లేదు. ఎవడురా దీన్ని అప్పుడే బయటికి లాగింది?"

"అదీ నిజమే. ఇదాలియా, ఇందాక టీ చిక్కగా అయిందన్నావు, ఇప్పుడు మాడిందంటున్నావు. కప్పు ఒకటే కదమ్మా?"

"అది... అదీ..."

"దానికి సిగ్గురా. ఉన్న మాటలన్నీ డైరీలోకి పోతాయి. బయటికొచ్చేవి ఈ టీ మాటలే."

"అలాగా. మూడోది నేనే కోస్తాను. కత్తెర ఇటివ్వు."

"వద్దండీ, నేనే..."

"ఇవ్వమ్మా. వెళ్ళి గుమ్మం దగ్గర నుంచో... పుల్ల గీస్తున్నా మాస్టారూ. లాగండి. అందుకుందా?"

"ఉండు. నోరింకా రెండోదాని మంటలోనే ఉంది... ఆఁ... అందుకుంది."

"తాతా! టీ చల్లారిపోయింది!"

"చల్లారితే చల్లారనీ."

"చల్లారిపోయింది తాతా! అసలు వేడే లేదు!"

"అబ్బ, ఉండవే! ఎవేలియో, రాసుకో. మొదట దేవదారు చెక్క. తర్వాత తేనె. అడుగున ఎక్కడో మిరియం... రాస్తున్నావా?"

"రాస్తున్నా మాస్టారూ. పిల్లని బయటికి పంపి వస్తా... ఇలా రా ఇదాలియా. మెల్లగా మాట్లాడు."

"మీరు ముట్టించలేదు. పుల్ల గీసి ఊదేశారు. నేను చూశాను."

"ఊదేశాను. నాకు మాత్రం ఇష్టమా? చుట్ట పట్టుకోవడం నేర్పిందే ఆయన."

"దండం పెడతానండీ. ఇంకొక్కసారి. నిజంగా ముట్టించండి."

"నిజంగా ముట్టిస్తే మాత్రం ఆయనకేం తెలుస్తుందమ్మా?"

"ఏమిట్రా గుమ్మంలో గుసగుసలు? పదికి పది వేసుకో. ఇలాంటిది నా జన్మలో నాలుగైదుసార్లు తగిలిందంతే. బూడిద చూడు, తెల్లగా, రాలకుండా ఎలా నిలబడిందో! చూశావా?"

"చూస్తున్నా మాస్టారూ."

"ఏడుస్తోందెవరు, ఇదాలీనా? తలుపు వేసెయ్‌రా ఎవేలియో. పొగంతా పిల్ల కళ్ళల్లోకే పోతోంది."