ఇన్‌స్పెక్టరు మావ

ఏందబ్బయా అది, పసుపు అట్ట పుస్తకమా? అటక మీద దొరికిందా? నీకు రాదులే, అది ఇటలీ భాష. మన బోగోలులో అది చదివినోడు ఒక్కడే, మా జీవానందం అన్న. తెల్లోళ్ల పటాళంలో జేరి, రెండో ప్రపంచ యుద్ధంలో ఎడారిలో పట్టుబడి, ఇటలీలో ఖైదీగా ఉన్నాడు. అక్కడ ఎవరో రైతు పొలంలో పనికి పెట్టినారంట. ఆ రైతు పెళ్లాం, యుద్ధం అయిపోయినాక గూడా, ఏటా ఓడ మీద పుస్తకాల పార్శిలు పంపిస్తా ఉండేది. అన్నీ హత్య కథలే. అన్నిట్లో ఒకే ఇన్‌స్పెక్టరు. చర్చి గుడిలో సాయంత్రం ప్రార్థన అయినాక అన్న అరుగు మీద జేరేవాళ్లం. పుస్తకం ఒళ్లో పెట్టుకొని, ఇటలీలో చూస్తా తెలుగులో చెప్పేవాడు. ఆ ఇన్‌స్పెక్టరు ముందు కడుపు నిండా తినాల, ఆ తర్వాతే విచారణ. వాళ్ల తిండి పేర్లు మనకేం తెలుస్తాయి, అన్న చేపల పులుసు అనేవాడు. పెళ్లాంతో రోజూ తగువు ఆయనకి, పైగా మోకాలి నొప్పి. పార్శిలొచ్చిందంటే మా పక్కింటి పెంచలమ్మ, 'ఏమయ్యా, ఇన్‌స్పెక్టరు మావకి నొప్పి తగ్గిందా?' అనేది. హంతకుడు ఎవరైతే ఏంది, ఆ మనిషి మళ్లీ వచ్చినాడు గదా, అదీ మా సంతోషం. ఒక్కటి మాత్రం అందరికీ కంఠతా వచ్చేసింది. మొదట దొరికినోడు ఎప్పుడూ హంతకుడు కాడు. వాణ్ణి పట్టుకోంగానే 'వీడు కాదు, వీడు కాదు' అని అరిచేవాళ్లం. అన్న నవ్వేవాడు.

అరవై రెండులో అనుకుంటా, అన్న తమ్ముడు క్రీస్తుదాసు వలలు ఎవరో తగలబెట్టినారు. ఒడ్డున ఆరేసిన వలలు, మొత్తం బూడిద. కిరసనాయిలు డబ్బా పట్టుకొని చిన్నపోలయ్య పరిగెత్తతా ఉంటే పెంచలమ్మ కళ్లారా చూసింది. వాడికీ క్రీస్తుదాసుకీ రొయ్యల వాటా దగ్గర పాత తగువు. ఎస్సై పొద్దున్నే వచ్చి వాణ్ణి పట్టేసినాడు. ఇంకేముంది, వీధి వీధంతా 'వీడు కాదు సార్' అని మొదలుపెట్టినారు. ఎస్సైకి తల తిరిగిపోయింది. 'నువ్వే గదమ్మా చూసినానన్నావు?' అన్నాడు. 'చూసినాను సార్. అయినా ఇంత సులువుగా కనబడినోడు చేసుండడు. వేరే ఎవరో ఉంటారు, మీరు నిదానంగా ఎతకండి' అని పెంచలమ్మ ఆయనకే చెప్తా ఉంది! సాక్ష్యం కాయితం మీద వేలిముద్ర వెయ్యనంది. అన్న ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేసినాడు. 'పెంచలమ్మా, అది కథ. ఇది నా తమ్ముడి బతుకు.' 'నువ్వు చెప్పిందే గదయ్యా' అందామె. సాక్ష్యం లేక వదిలేసినారు వాణ్ణి.

కొన్నాళ్లకి చిన్నపోలయ్య కల్లు తాగి తనే చెప్పుకున్నాడు, నేనే కాల్చినానని, నవ్వతా. అప్పటికే క్రీస్తుదాసు పెళ్లాం బిడ్డల్తో బుచ్చిరెడ్డిపాలెం పోయి రైసు మిల్లులో బస్తాలు మోస్తా ఉన్నాడు. మళ్లీ పడవ ఎక్కలా.

పార్శిలు ఆ యేడు గూడా వచ్చింది. మేము సిగ్గు లేకుండా అరుగు మీద జేరినాం. అన్న పొమ్మనలా. పుస్తకం తెరిచి, మా ముందరే కూర్చొని, లోపల్లోపలే చదువుకున్నాడు. ఒకచోట నవ్వు గూడా వచ్చింది ఆయనకి. 'ఒక్క ముక్క చెప్పయ్యా' అని పెంచలమ్మ బతిమాలింది. అన్న తలెత్తలా. పేజీ తిప్పినాడు. మేమట్టనే చూస్తా కూర్చొని, ఒక్కొక్కళ్లమే లేచి వచ్చేసినాం... పాలామె వచ్చినట్టుండాది, గిన్నె తీసకపో.