ఫిర్మాన్ మామయ్య నాలుక

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు బావగారూ, కావాలంటే మా చెల్లెల్ని అడగండి," అన్నాడు ఫిర్మాన్ మామయ్య. మా అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం నా పెళ్ళి. కాబోయే అత్తమామలు ఏటికి అవతలి ఒడ్డు నుంచి ఆదివారం భోజనానికి వచ్చారు. పెరట్లో బల్ల వేశాం. బల్ల మీద నేను పుట్టిన యేటి వైను సీసా ఒకటి ఉంది. మా ఊరు పొమెరోల్ బంకమన్నులో మా నాన్న పండించిన మెర్లో ద్రాక్ష వైను అది. ఆడపిల్ల పుట్టిన యేడు వైను దాచి ఆ పిల్ల పెళ్ళిలో పొయ్యడం మా ఇంటి ఆచారం. నిశ్చితార్థం నాడు మామగారు గోంత్రాన్ నవ్వుతూనే, "మెర్లో మెత్తటి సరుకు, నాలుగేళ్ళకే చతికిలబడుతుంది," అని ఒక మాట విసిరారు. మా నాన్న రోషానికి పోయి, "మా ఫిర్మాన్ బావ పీపాలో రుచి చూసి దాచమన్న వైనండీ అది. పెళ్ళిలో తాగి అప్పుడు చెప్పండి," అనేశాడు. ఇవాళ ఒక సీసా తీసి చూడాలని అనుకున్నారు. వైను ఇంకా బతికుంటే శనివారం అందరికీ అదే. చచ్చిపోయి ఉంటే నలుగురిలో మా నాన్న మాట పోయినట్టే. నేను మాత్రం ఆ సీసా కోసం కాదు, మామయ్య నోరు మూసుకుని ఉంటే చాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.

"అసలు జరిగింది చిన్న సంగతే. మన పెళ్ళికూతురు మయిలిస్ అప్పుడు ఊయల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. మా బావ నన్ను కింద పీపాల గదిలోకి తీసుకెళ్ళి, గాజు గొట్టంతో ఇంత తీసి పోసి, 'బావా, అమ్మేద్దామా, దాచేద్దామా?' అనడిగాడు. నేనో గుక్క నోట్లో వేసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, ఉమ్మేసి, 'దాచు' అన్నాను. అంతే, ఒకటే మాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ అన్నయ్యగారూ?" అంది మా అత్తగారు యుగెత్, మర్యాదకి.

ఆ ఒక్క ప్రశ్నా అడక్కుండా ఉండాల్సింది.

"ఎందుకు దాచాలన్నాడు మా బావ. ఎందుకేమిటి! వగరు నా చిగుళ్ళు పట్టుకుని వదల్లేదు, పులుపు నిటారుగా నిలబడింది. ఆ రెండూ లేని వైనుకి అందం ఉంటుంది గానీ ఆయుష్షుండదమ్మా. పైన నల్ల ప్లమ్ పండు, దాని కింద పుట్టగొడుగు, దాని కింద ఇనుము. ఇనుమెక్కణ్ణించి వచ్చింది? 'బావా, పడమటి వరస చివర మీ తాత నాగలి కర్రు విరిగి పడుంది, తవ్వించు' అన్నాను. తవ్వించాడు. దొరికింది!"

"దొరికిందా?" గోంత్రాన్ గారు మా నాన్న వైపు చూశారు. మా నాన్న తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"దొరక్కేం! ఆ తుప్పు నాలిక్కి రాసుకుని, నాగలి లాగిన గుర్రం ఆడదో మగదో కూడా చెప్పాను. ఆడది. కాస్త కుంటుతుంది కూడా."

"మామయ్యా, రొట్టె తీసుకో," అని ఓ పెద్ద ముక్క చేతిలో పెట్టాను. ఆ ముక్క చేత్తో పట్టుకుని ఊపుతూ ఇంకా జోరందుకున్నాడు.

"ఇంతలో ఒక ఇంగ్లీషు కొనుగోలుదారు దిగాడు బావగారూ. తెల్ల చొక్కా, పట్టు టై. అదే పీపా రుచి చూసి 'అయిదేళ్ళు నిలుస్తుంది' అన్నాడు. నాకు నవ్వాగలేదు. నోట్లో ఉన్న వైనంతా అతగాడి చొక్కా మీద పడింది. ఇవాళ్టికీ ఆ మరక పోలేదుట! పోకపోగా ఏటేటా మరక బాగుపడుతోందిట! క్రిస్మస్ వస్తే ఇంటిల్లిపాదీ ఆ చొక్కా గిన్నెలో నానబెట్టుకుని తాగుతున్నారుట!"

అత్తగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. నవ్వో, జాలో తెలియలేదు. నా చెవులు మండిపోతున్నాయి. ఈ పెళ్ళివారు ఇంటికెళ్ళి పెళ్ళికొడుకు తిబో దగ్గర ఏమని చెప్పుకుంటారు? "నీ పెళ్ళాం మేనమామ" అనే మాట నేను బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో వినాల్సిందే.

"అది సరే, నేనా రోజు కిటికీలోంచి ఉమ్మిన వైను ఎక్కడ పడిందనుకున్నారు? ఇదిగో, ఈ పెరట్లోనే. మర్నాటికి మొలకెత్తింది! ఈస్టరు నాటికి తీగ పాకి ఇంటి కప్పెక్కింది. గుత్తులు చూస్తే ఆవు పొదుగుల్లా ఉన్నాయి. పిట్టలొచ్చి తిన్నాయి, తిన్న పిట్ట తిన్నగా ఎగిరితే ఒట్టు. తూలుకుంటూ ఏరు దాటి మీ ఒడ్డుకి పోయాయి, మీ తోటల మీద రెట్టలేశాయి. ఆ యేటి నుంచే కదటండీ మీ వైను కాస్త తాగేట్టు తయారైంది!"

గోంత్రాన్ గారు చేతిలో కత్తి పళ్ళెం మీద పెట్టారు.

"అంటే మా తాతల నాటి తోటలు పిట్ట రెట్టతో బాగుపడ్డాయన్నమాట," అన్నారు గోంత్రాన్ గారు, గొంతు పెంచకుండానే.

"దాంట్లో తప్పేముంది బావగారూ? మంచి ఎరువు."

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. మా నాన్న మెడ దాకా ఎర్రబడిపోయాడు. మాట మళ్ళించడానికి కాబోలు, రోజూ తాగే వైను కూజా అందుకుని అందరి గ్లాసుల్లో తలో చుక్కా పోశాడు. మంచి వైను పొయ్యబోయే ముందు గ్లాసుకి పట్టిన అల్మారా వాసన పోవాలని అలా పోసి, తిప్పి, పారబోస్తాం. అది ఎవరూ తాగరు.

మామయ్య తన గ్లాసు తీసుకున్నాడు. పారబొయ్యలేదు. వెలుగుకి ఎత్తి పట్టి చూశాడు.

"ఆహా! చూడండి ఆ అంచు! ముదిరిన వైనుకి వచ్చే ఇటుక రంగు!"

నిన్నగాక మొన్న పీపాలోంచి తీసిన వైను అది. బీట్‌రూట్ నీళ్ళలా ఊదాగా ఉంది. మామయ్య వాసన చూశాడు, ఓ గుక్క పోసుకుని బుగ్గలు ఆడించాడు, కళ్ళు మూసుకున్నాడు. నా పెళ్ళి సీసా బల్ల మీద బిరడాతోనే ఉంది, పక్కనే బిరడా తీసే మర. అందరం చూస్తున్నాం. తాగింది ఆ వైను కాదని చెబితే మామయ్య పరువు పోతుంది, చెప్పకపోతే నాన్నది.

"ఏం వగరు, ఏం పొగరు! ఇంకా పాలు తాగే బిడ్డ బావా ఇది! ఇప్పుడు తియ్యడం మహాపాపం. మయిలిస్ మనవరాలి పెళ్ళి దాకా దీన్ని ముట్టుకోకు. ఇది నా నాలుక మాట!"

"అయితే శనివారం ఇది పొయ్యరన్నమాట," అన్నారు గోంత్రాన్ గారు. ఆయన పెదవి చివర నవ్వు నాకు కనిపించింది.

మా నాన్న మామయ్య మొహంలోకి చూశాడు. తర్వాత సీసా మెడ పట్టుకుని నెమ్మదిగా బుట్టలో పడుకోబెట్టాడు. "సరే బావా. నువ్వన్నాక ఇంకేముంది," అన్నాడు. వియ్యంకుడి ముందు తన మాట ఓడినా ఫరవాలేదు, పెళ్ళాం అన్నగారి పరువు మాత్రం తీయలేడు. మా నాన్న అంతే. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా అత్తగారు రుమాలు మడిచి బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, మీరు తాగింది గ్లాసు కడిగిన వైను. సీసాకి బిరడా ఇంకా తియ్యనే లేదు కదా," అంది, చిన్న పిల్లాడికి చెప్పినట్టు మెల్లిగా.

మామయ్య చేతిలో రొట్టె ముక్క బల్ల మీద పెట్టేశాడు. ఇంకో కోత కోస్తాడేమోనని భయపడ్డాను. కొయ్యలేదు.

"తెలుసమ్మా," అన్నాడు. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. "తీస్తే... పోయుంటే? దాచమన్నది నేను. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నది నేను. పెళ్ళిపిల్ల ముందు కాలవలో పారబోస్తే ఏ మొహం పెట్టుకుని ఈ గుమ్మం తొక్కను?"

ఇందాకట్నుంచీ ఆయన్ని చూసి సిగ్గుపడుతూ కూర్చున్నందుకు నాకిప్పుడు నా మీదే సిగ్గేసింది. బుట్టలోంచి సీసా తీసి నాన్న చేతికిచ్చాను. నాన్న మర తిప్పి బిరడా లాగాడు. సగం దాకా నానిన బిరడా, విరక్కుండా వచ్చింది. మొదటి గ్లాసు మామయ్యకే పోశాడు.

మామయ్య దాన్ని పెదవి దాకా తీసుకెళ్ళలేదు. రెండు చేతులతో గోంత్రాన్ గారి ముందుకి జరిపాడు. "మీరు చెప్పండి బావగారూ. నాకు చేతకాదు."

గోంత్రాన్ గారు వాసన చూశారు, తాగారు, మింగారు. ఆయన పెదవి మీద నవ్వు పోయింది.

"ప్రాణం ఉంది," అన్నారు. "కానీ ఒట్టి ముసలి ప్రాణం. అబద్ధం ఎందుకు, దీన్ని పదేళ్ళ కిందటే తాగి ఉండాల్సింది."

మామయ్య తల ఇంకాస్త వంగింది. మా నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, మిగతా గ్లాసులు వరసగా నింపుకుంటూ పోయాడు.

"పదేళ్ళ కిందట మా పిల్లకి పెళ్ళి లేదు కదండీ," అన్నాడు. "శనివారం ఇదే పోస్తాం."