దూది పొత్తిళ్లు

అది కాదు సార్, దూది పెట్టకూడదని నాకెవరు చెప్పారు? ఒక్కరైనా చెప్పారా? మ్యూజియం స్టోరు తాళాలు చేతికిచ్చి, "జాగ్రత్తమ్మా" అన్నారు. జాగ్రత్తే కదా పడ్డాను!

మీరు ఆ పట్టకారుతో దూది తీయడం ఆపకండి. తలెత్తొద్దు. నేనేదో వాగుతుంటాను.

తవ్వకాల్లో దొరికిన గాజు గిన్నె అన్నారు. గిన్నె ఎక్కడుంది సార్, అన్నీ గోరంత ముక్కలేగా! డ్రాయర్ లాగితే చాలు, ఒకదాన్నొకటి కొట్టుకుని గలగలమనేవి. నా ప్రాణం విలవిల్లాడేది. స్పాంజి షీట్లు తెప్పిస్తాను, ఒక్కో ముక్కకీ ఒక్కో గుంట కోసి పడుకోబెడదాం అన్నారు మీకు ముందున్న సారు. ఆయన రిటైరయ్యారు. షీట్లు రాలేదు. ఆఫీసులో అడిగితే, "నీకెందుకమ్మా, ఊడ్చే పని చూసుకో" అన్నారు.

మరి నేనేం చెయ్యను? మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టింది. ముట్టుకుంటే చిట్లిపోయేలా ఉండేది ఒళ్లు. నర్సమ్మ దూదిలో చుట్టి ఇచ్చింది. దూదే కదండీ బతికించింది! ఇప్పుడు చూడాలి దాన్ని, ఇల్లెగిరిపోయేలా నా మీదే అరుస్తుంది.

మందుల షాపులో దూది కొన్నాను. ఒక్కోదాన్నీ పొత్తిళ్లలో పెట్టినట్టు పెట్టాను. చప్పుడు ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో నాకు!

అయ్యో... మళ్లీ వచ్చిందా? గాజు మీది ఆ నెమలికంఠం రంగు పొర? దూది పోగులకే అంటుకుని లేచొస్తోందా? వెనక్కి అతకదా సార్? కాస్త తడిపితే? సరే సరే, అనను.

ఉల్లిపొర కూడా ఇంత పల్చగా ఉండదు. వెయ్యేళ్లు మట్టి మోసింది దాన్ని. నా చేతిలో మూడు నెలలు నిలవలేదు. మట్టికున్నపాటి తెలివి నాకు లేకపోయింది.

లేదు సార్, ఏడవట్లేదు. మీరు వచ్చి వారమైనా కాలేదు, ఇంకొకరైతే ఈపాటికి నన్ను గేటు బయట నిలబెట్టేవారు. మీరు ఒక్క మాటా అనలేదు. ఈ ఒక్క డ్రాయరేగా, సాయంత్రానికి ఏదోలా తీసేద్దామన్నట్టు చూస్తున్నారు. అందుకే మిగతాది చెప్పలేకపోతున్నాను.

ఆ పట్టకారు ఒక్క క్షణం కింద పెట్టండి.

మీ వెనక గాజు ముక్కల అల్మారా ఉంది చూడండి. పై అర నుంచి కింది అర దాకా... ఒక్కదాన్నీ వదల్లేదు సార్.