ఐదో రాయి

మెట్ల కింద కుట్టుమిషను. దాని పక్కన నేల మీద మావగారు, కోడలు. ఇద్దరి మధ్యా వెల్లకిలా పడి ఉన్న, రిమోటుతో నడిచే బొమ్మ ట్రక్కు.

"మళ్ళీ పల్టీ కొట్టింది."

"చూశాను మావయ్యా. నాకూ కళ్ళున్నాయి."

"వెనక బరువు పెట్టమన్నానా?"

"పెట్టాకే కొట్టింది."

"ఇంకాస్త పెట్టు."

"ఇదేమన్నా మీ లారీ అనుకున్నారా, వెనక బస్తాలెయ్యడానికి? రాయి ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది. వెనక బరువుంటే వెల్లకిలా పడక ఏం చేస్తుంది?"

"కొండ రోడ్ల మీద అన్నేళ్ళు లోడు లాగాను. ఒక్కసారి పల్టీ కొట్టలేదు."

"మీకు రోడ్డుంది. దీనికి లేదు. రాళ్ళే."

"ఊఁ... అయితే బరువు ఎక్కడంటావ్?"

"ముందు చక్రాల్లో. ఈ సీసం తీగని రిమ్ము లోపల చుట్టేస్తా. బ్యాటరీ కూడా ముందుకి జరిపి, కిందికి దించుతా."

"వాడు చెప్పాడా?"

"మీ అబ్బాయా? నాకా? బాగానే ఉంది! నేను ఈ పాత డొక్కు కొనుక్కొచ్చిన రోజున చూసి, పగలబడి నవ్వారు. 'దీనికంటే నీ కుట్టుమిషను తొందరగా ఎక్కుతుంది రాయి' అన్నారు. నేర్పింది బొమ్మల షాపాయన."

"వాడు నవ్వడం తప్ప ఏం చేశాడు జీవితంలో."

"మీరూ మొదలెట్టకండి. ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వండి. అది కాదు, సన్నది."

"మోటారు పాతదే ఉంచావా?"

"మార్చేశా. పాతది రయ్యిమని ఉరికేది. రాళ్ళకి ఉరుకు పనికిరాదు, మెల్లగా గట్టిగా తిరగాలి. ఇంకోటి చూడండి, ఈ చక్రం తిప్పండి."

"రెండూ తిరుగుతున్నాయే!"

"లోపల గేర్లని బంక పోసి బిగించేశా. ఒక చక్రం గాల్లో ఉన్నా రెండోది ఆగదు."

"మలుపులో ఈడుస్తుంది."

"ఈడవనీండి. మలుపులో అందంగా తిరిగితే గది ఇస్తానన్నారా మీ అబ్బాయి? రాళ్ళెక్కి తనని ఓడిస్తే ఇస్తానన్నారు. ఫ్రెండ్సందరి ముందూ."

"వాడి మాట మీద నువ్వు కూర్చున్నావా?"

"ఏం చెయ్యమంటారు? కిటికీ ఉన్నది ఆ ఒక్క గదికే. దాన్నిండా ఈయన బొమ్మ ట్రక్కులు. నేను చూస్తే మెట్ల కింద. మొన్న ఒకావిడ నీలం చొక్కాకి నల్లదారం వేసి కుట్టాను. ఇంటికెళ్ళి వెలుగులో చూసుకుని మళ్ళీ తెచ్చి మొహాన కొట్టింది. ఇది మూడోసారి. ఇంకో నెల ఇలాగే ఉంటే నా దగ్గరికి రుమాలు కుట్టించుకోడానికి కూడా ఎవరూ రారు."

"నాతో చెబితే వాణ్ణి నాలుగు దులిపేవాణ్ణిగా."

"మీరు దులిపితే ఆయన వారం రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడరు. నాకు గది కావాలి, గొడవ కాదు."

"ఇదేంటి, టైర్లో ఏదో మెత్తగా తగుల్తోంది?"

"స్పాంజి. గాలి పోయేలా టైరుకి చిల్లి పెట్టి, లోపల ఇది కుక్కా. రాయి మీద టైరు నొక్కుకుని అంటుకుపోతుంది."

"స్పాంజి ఎక్కడిది?"

"కోటు భుజాల్లో పెడతారు చూడండీ, అది."

"ఎవరి కోటు?"

"అడక్కండి."

"అడగనులే. అమ్మాయ్, ఒక మాట. ఆదివారం నేను వాడి పక్కన నిలబడతాను."

"ఏంటీ?"

"బండికి ముందు నడుస్తూ దారి చెప్పే మనిషి కావాలట. నిన్న అడిగాడు. సరేనన్నాను."

"నా బండి గుట్టంతా విప్పి చూసి, వెళ్ళి ఆయన జట్టులో చేరతారా! మావయ్యా, ఇది న్యాయమేనా?"

"నీ బండి గురించి వాడు అడగలేదు. నేను చెప్పలేదు."

"అసలెందుకు ఒప్పుకున్నారు? ఆయనేమడిగినా కాదనే అంటారుగా మీరు. సినిమాకి రమ్మంటే కాదు, కళ్ళజోడు మార్పిస్తానంటే కాదు."

"ఒక్కదానికైనా అవునందామనిపించింది."

"దీనికే అనిపించాలా?"

"వాడికి ఒకరికి తోడుండే అలవాటు లేదు. నేనుంటే ఎలా ఉంటాడో చూద్దామని. వాళ్ళమ్మ పోయిన రోజున కూడా ఆలస్యంగా వచ్చాడు."

"బస్సు దొరకలేదు మావయ్యా ఆయనకి."

"దొరకలేదన్నాడు."

"సరే, పొండి. ఆ సీసం తీగ మాత్రం వదిలి వెళ్ళండి. జేబులో పెట్టుకున్నారు."

ఆదివారం పొద్దున. ఊరి చివర రాళ్ళ గుట్ట. రాళ్ళ మీద సున్నంతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.

"మీ ఆయన ఐదూ ఎక్కేశారమ్మా. రెండు తప్పులు. ఇక మీ వంతు. బండిని చేత్తో ముట్టుకుంటే ఒక తప్పు, వెనక్కి తీస్తే ఒక తప్పు. లెక్క సమానమైతే తొందరగా ఎక్కినవాళ్ళదే గెలుపు."

"గుర్తుంది రెఫరీ గారూ."

"ఏమోయ్, నా కోటు భుజాలు తొడిగి తెచ్చావా బండికి?"

"మీకెవరు చెప్పారండీ? మావయ్యా!"

"నేను కాదు."

"ఎవరూ చెప్పక్కర్లేదు. నిన్న ఆఫీసుకి కోటేసుకెళితే, కోటు కొక్కేనికి తగిలించినట్టున్నావన్నారందరూ."

"గది ఇచ్చెయ్యండి, కొత్తవి వెలుగులో కూర్చుని కుడతాను."

"గెలువు ముందు. నాన్నా, నువ్విటు రా. నువ్వు నా మనిషివి."

"వస్తున్నాలేరా. అరవకు."

"మొదలెట్టండమ్మా."

"వెళ్తోంది... ఒకటి ఎక్కింది. మెల్లగా, మెల్లగా. రెండు!"

"దీన్ని ఎక్కడం అనరోయ్, పాకడం అంటారు."

"పాకితే పాకనీరా. నువ్వు ఎగిరెగిరి రెండుసార్లు వెనక్కి తీశావు."

"నాన్నా, ఎవరి మనిషివి నువ్వు?"

"నీ మనిషినే. నిజం చెప్పకూడదా?"

"అయ్యో, ఇరుక్కుంది! వెనక్కి తీస్తున్నా రెఫరీ గారూ."

"ఒక తప్పు. మూడో రాయి ఎక్కింది. మళ్ళీ తీశారు, రెండో తప్పు... నాలుగో రాయి ఎక్కింది. అమ్మా, ఇప్పుడు ఇద్దరూ సమానం."

"సమానమంటే నేనే గెలిచినట్టోయ్. నాది ఎప్పుడో పైకి చేరింది."

"ఆగండీ, నన్ను మాట్లాడించకండి. ఐదో రాయి... ముక్కు పట్టింది. పట్టింది, పట్టింది... అయ్యో!"

"జారుతోంది, జారుతోంది!"

"వెనక్కి తియ్యనా? తీస్తే మూడో తప్పు. తియ్యకపోతే పడిపోతుంది. అయ్యో, అయ్యయ్యో—"

"నాన్నా! ఏం చేస్తున్నావ్?"

"ఆపండి, ఆపండి! పెద్దాయనా, బండి చక్రం కింద ఆ రాయేంటి?"

"ఏ రాయి?"

"మీరు పెట్టిన రాయి. మీ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది."

"ఆఁ. ఉంది."

"మావయ్యా, ఎంత పని చేశారు! నా ఆట పోయినట్టేనా?"

"మీది పోలేదమ్మా. పెద్దాయన మీ ఆయన జట్టు మనిషి. చక్రం కింద రాయి పెట్టినా ముట్టుకున్నట్టే, అవతలివాళ్ళ బండిని ముట్టుకుంటే తప్పు ముట్టుకున్నవాళ్ళదే. కానీ ఒక చిక్కుంది. పొరపాటున ముట్టుకుంటేనే ఆ లెక్క. కావాలని ముట్టుకుంటే మోసం కింద పందెమే రద్దు, గెలుపూ లేదు ఓటమీ లేదు. పెద్దాయనా, నిజం చెప్పండి. కావాలని పెట్టారా?"

"లేదు బాబూ. అలవాటు."

"రాళ్ళు పెట్టే అలవాటా?"

"లారీ క్లీనరుగా చేశాను. ఎత్తు మీద లోడు బండి వెనక్కి జారితే క్లీనరు దూకి చక్రం కింద రాయి పెట్టాలి. ఆలోచించే టైముండదు. ఆలోచిస్తే బండి లోయలో ఉంటుంది. చక్రం జారింది, చెయ్యి వెళ్ళిపోయింది."

"ఏమండీ, మీ నాన్నగారు చెప్పేది నిజమేనా? క్లీనరుగా చేశారా?"

"నాన్నా, ముందు ఆ రాయి మీంచి చెయ్యి తియ్యి."

"మిమ్మల్నే. ఈయన కావాలని పెట్టారంటే చెప్పండి, ఇక్కడితో రద్దు చేసేస్తాను. మీకు నష్టం లేదు."

"లేదండీ. నిజమే. క్లీనరే."

"ఖాయమా?"

"మా నాన్న సంగతి నాకు తెలీదా? చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. ఇంటి ముందు సైకిలు జారినా రాయి పెడతాడు."

"అయితే తప్పు మీ లెక్కలోకే. మీకు మూడు, ఆవిడకి రెండు. అమ్మా, రాయి తీసేస్తున్నా, అక్కణ్ణుంచే ఎక్కించండి."

"ఒక్క నిమిషం. ముందు చక్రాలు కుడికి తిప్పుకోనివ్వండి. ఆ... ఆ పగులు దొరికింది. ఇప్పుడు తియ్యండి."

"తీశాను."

"పట్టుకుంది! ఎక్కు తల్లీ, ఎక్కు. నీకు కొత్త టైర్లు వేయిస్తా, ఎక్కు... ఎక్కింది! మావయ్యా, ఎక్కింది! ఏవండీ, ఎక్కింది!"

"చూశాలేవోయ్. గుట్టంతా వినిపించింది."

"మరి గది?"

"పదిమందిలో అన్నానుగా. సాయంత్రానికి నా సామాను తీసేస్తా. ఆ మిషను బరువు, నువ్వు మొయ్యకు, నేను తెచ్చి కిటికీ దగ్గర వేస్తా. నాన్నా, ఎండగా ఉంది, నీడలో నిలబడు. నేను వెళ్ళి కారు తెస్తా."

"తే."

"మావయ్యా."

"ఊఁ."

"ఇన్నేళ్ళయింది నేనొచ్చి. మీరు క్లీనరుగా చేశారని ఒక్కసారీ చెప్పలేదే?"

"చేస్తేగా చెప్పడానికి."

"అదేంటి?"

"ట్రాక్టరు తోలేవాణ్ణి. అది దిగి తిన్నగా లారీ సీట్లో కూర్చున్నాను. ఏనాడూ స్టీరింగు వదల్లేదు."

"అంటే రెఫరీతో పచ్చి అబద్ధం—"

"మెల్లగా. అక్కడే ఉన్నాడు."

"మరి ఈయన అవునన్నారేంటి? కాదని ఒక్క ముక్క అంటే పందెం పోయేది, తన గది తనకే మిగిలేది. ఈయనకి తెలీదా మీరు క్లీనరు కాదని?"

"తెలియకేం. బడి సెలవుల్లో నా లారీలోంచి దూకి చక్రం కింద రాయి పెట్టింది వాడేగా."