రెండు ఎర్ర క్యాలిపర్లు

ఇంటి పోర్టికోలో ముందు చక్రాలు ఊడదీసిన కారు. డ్రైవరు సీట్లో అత్తగారు. చక్రం ఉండాల్సిన చోట, నేల మీద అల్లుడు. మధ్యాహ్నం మూడు గంటలు.

"తొక్కండి అత్తయ్యా."

"తొక్కాను."

"అలాగే పట్టుకోండి. వదలొద్దు."

"ఇంకెక్కడికి తొక్కను అల్లుడూ, కాలు అడుక్కి తగిలింది. ఇంకాస్త నొక్కితే నేల మీద దిగుతుంది."

"రెండో సీసా బ్రేక్ ఆయిల్ కూడా అయిపోవచ్చింది. గాలి మాత్రం బయటికి రానంటోంది. అది లోపల ఉన్నంతసేపూ పెడల్ ఇలా పరుపులాగే ఉంటుంది. ఎన్నింటికొస్తానంది మీ అమ్మాయి?"

"నాలుగింటికి. కారు కావాలంది."

"అంతేనా? ఇంకేమన్నా అందా?"

"అంతే. తొక్కనా?"

"తప్పించుకోకండి. నా గురించి ఏమన్నా అందా?"

"నీ గురించి అనడానికేముంది? తొక్కుతున్నా, చూసుకో."

"పన్నెండు రోజులైంది అత్తయ్యా. నేను వాషింగ్ మెషీన్ విప్పి హాల్లో పరిచాను. మర్నాడు పొద్దున్నే బ్యాగు తీసుకుని స్నేహితురాలి గదికి పోయింది."

"పరిచావు సరే. బిగించావా?"

"బిగించాను. మూడు స్క్రూలు మిగిలాయి."

"మిక్సీకి?"

"మిక్సీకి ఒకటే."

"ఫ్యాన్‌కి?"

"ఫ్యాన్ జోలికి వెళ్ళకండి."

"ఇన్ని చేసి, ఇప్పుడు దాని కారు. అదీ అడక్కుండా. అదీ బ్రేకులు. ఇంట్లో విప్పడానికి ఇంకేం దొరకలేదా నీకు?"

"తుప్పు పట్టాయి అత్తయ్యా. చక్రం వెనక ఆ డిస్కుని పిడికిలితో పట్టినట్టు పట్టి ఆపేవే ఈ క్యాలిపర్లు. వాటిని రుద్ది, ఎర్ర రంగు వేసి, మళ్ళీ బిగించి, తాళం దాని చేతిలో పెడదామనుకున్నా. జన్మలో ఒక్క పని పూర్తిచేసి చూపిద్దామని."

"పూర్తవకపోతే?"

"ఇంక అది ఈ గడప తొక్కదు. తిరిగొచ్చి మాత్రం ఏం చూస్తుంది, విప్పి పడేసిన ఇంకో నాలుగు ముక్కలా?"

"రుద్దింది నేను. రంగు వేసింది నేను. నువ్వు పక్కన కూర్చుని ఊదావు."

"ఊదనిచ్చారా? దుమ్ము పడుతుందని మూతికి గుడ్డ కట్టించారు. మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య గడియారం చూసుకోవడం... అంత నున్నగా షోరూంలో కూడా ఉండదు."

"ఆపరేషన్ థియేటర్లో ముప్ఫై నాలుగేళ్ళు కత్తెరలు రుద్దిన చెయ్యి ఇది. మా పెద్దాడింట్లో ఈ చేతికి టీవీ రిమోటు ఇస్తారు. 'నువ్వు కూర్చో అమ్మా' అంటారు. కూర్చుని కూర్చుని ఆ కుర్చీకి నా ఆకారం వచ్చేసింది."

"ఆగండి."

"నేనేం కదల్లేదే."

"ఆగండాగండి. గాలి తీసే నిపిల్ కింద ఉంది."

"ఉంటే?"

"పైన ఉండాలి. గాలి పైకి పోతుంది గానీ కిందికెందుకొస్తుంది? అటు పక్కదీ... అటు పక్కదీ కిందే ఉంది! అత్తయ్యా, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించేశాం."

"అయ్యో."

"ఆ అయ్యో ఏంటి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"బజారు నుంచి ఉప్పు తేవడం మర్చిపోయినట్టుంది. ప్లాస్టరు ముక్క మీద ఎడమ, కుడి అని రాసి అంటించింది మీరే కదా?"

"మాకు ఎడమంటే పేషెంటు ఎడమ. నువ్వు కారుకి ఎదురుగా నిలబడి నీ ఎడమ చూసుకున్నావు. పేషెంటుని అడక్కుండా కోస్తే ఇంతే."

"కారుని ఎలా అడుగుతానండీ!"

"సర్లే, పోనీ. లే. చేతులు కడుక్కో, టీ పెడతాను. ఇవాళ్టికింక అవదు."

"ఎందుకవదు? రెండూ మార్చి, గాలి తీసి, చక్రాలేస్తే ముప్పావుగంట."

"రేపు చూద్దాం."

"మీరేనా ఈ మాటంటోంది? నిన్న ఒక వాషర్ దొర్లిపోతే, అది దొరికేదాకా నాకు అన్నం పెట్టలేదు."

"నిన్న వేరు."

"పానా ఇవ్వండి."

"ఏ పానా?"

"ఏ పానానో నాకంటే మీకే బాగా తెలుసు."

"పద్నాలుగు. ఇంద."

"పైపు పట్టుకోండి. ఆయిల్ రంగు మీద పడితే పొక్కిపోతుంది."

"తెలుసు. గుడ్డ అడ్డం పెట్టాను."

"వాషర్లు."

"ఇంద, రెండు. కొత్తవి. పాతవి నాలుగూ ట్రేలో ఉన్నాయి, లెక్క సరిపోయింది. వంకరగా దిగుతోంది, చెయ్యి తీసి మళ్ళీ పెట్టు."

"అత్తయ్యా, ఒకటడగనా?"

"అడక్కు. పని చూడు."

"ముప్ఫై నాలుగేళ్ళలో ఎడమ కుడి ఒక్కసారి కూడా తప్పలేదని మొన్న చెప్పారు."

"తప్పలేదు."

"మరి ఇవాళ?"

"ఇవాళా తప్పలేదు."

"అంటే?"

"అంటే అటు పక్కకి నడు. టైము మూడున్నర."

"అంటే కావాలనే ప్లాస్టర్లు మార్చి అంటించారా? అత్తయ్యా! బ్రేకులండీ అవి!"

"బ్రేకు పడకపోతే నువ్వు కారు గేటు దాటనిస్తావా? నీకా మాత్రం భయం ఉందని తెలిసే మార్చాను. కారు కదలకూడదు, అంతే."

"కారు కదలకపోతే... అదీ ఆగిపోతుందని. ఓ రెండ్రోజులు ఇంట్లో ఉంటే మాటా మాటా కలుస్తుందని. నా కోసమా అత్తయ్యా?"

"నీ మొహం. కళ్ళు తుడుచుకోకు, చేతికి ఆయిలుంది."

"నాకు కూతురిచ్చిన వాళ్ళు నా తరఫున ఇంత మోసం చేస్తారని నేను కలలో కూడా..."

"బిగిస్తావా, నన్నే బిగించమంటావా?"

"బిగిస్తున్నా, బిగిస్తున్నా. ఇంద, ఎక్కండి. తొక్కండి."

"తొక్కాను."

"ఇప్పుడొస్తోంది చూడండి గాలి, బుడగలు బుడగలుగా! మళ్ళీ. మళ్ళీ. ఇటు పక్క కూడా. మళ్ళీ. ఏమైంది?"

"దిగట్లేదు."

"గట్టిగా తొక్కండి."

"రాయిలా ఉంది అల్లుడూ."

"అయింది! అయిందండీ! ఏమన్నా మిగిలిందా ట్రేలో?"

"పాత వాషర్లు. అవి పారేసేవే."

"స్క్రూ?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా మిగల్లేదు నాయనా. చక్రాలెయ్యి. గేటు దగ్గర ఆటో ఆగింది."

"అదేనా? ఇంకా పావుగంట ఉందిగా! నట్లివ్వండి, త్వరగా. అయింది, ఇదొక్కటే. జాకీ దించేస్తున్నా. జుట్టు బాగానే ఉందా నాది?"

"జుట్టు కూడా ఎర్రగానే ఉంది. వచ్చావా తల్లీ?"

"వచ్చానమ్మా. పెట్టె సర్దావా? అన్నయ్య ఊరు మూడు గంటల దారి, చీకటి పడకుండా చేరాలి. నువ్వు బస్సెక్కవు కదా."

"సర్దాను."

"పెట్టేంటి? అన్నయ్య ఊరేంటి? కారు నీ కోసం కాదా?"

"నాకెందుకు? ఆఫీసు పక్క వీధిలోనే ఉంటున్నా. అమ్మని దింపడానికి. చెప్పలేదా నీకు? అమ్మా, నువ్వు చెప్పలేదా?"

"ఏదీ, తీరికెక్కడ. రంగు వేస్తున్నాం కదా."

"రంగా? ఏం రంగు? సర్లే, విను. అమ్మని అక్కడ దింపేసి రాత్రికి ఇంటికొచ్చేస్తా. నా బట్టలు ఆదివారం తెచ్చుకుంటా."

"వచ్చేస్తావా? అంటే నువ్వు వెళ్ళింది... వాషింగ్ మెషీన్ వల్ల కాదా?"

"అదా! నువ్వు విప్పి పడేసినవాటి మధ్య ఐదేళ్ళుగా నడుస్తున్నా, అలవాటైపోయింది. అమ్మ వచ్చి మూడు నెలలు. రోజూ పడుకోబోయే ముందు వంటింట్లో చెంచాలు లెక్కపెట్టిస్తోంది నాచేత. ఒకటి తగ్గితే లైటు ఆర్పనివ్వదు. నా వల్ల కాదు బాబూ. ఒక ఇంట్లో ఆవిడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

"దానిష్టం అల్లుడూ. అది దాని ఇల్లు. తాళం ఇచ్చెయ్. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి."

"బ్రేకులా? ఏం చేశావు బ్రేకుల్ని? మళ్ళీ ఏదో విప్పావు కదా? ఎర్రగా ఏంటది... అమ్మో, బాగుందే! నువ్వే బిగించావా? మొత్తం? నిజంగా అయిపోయిందా?"

"ఎక్కడ! చూడ్డానికలా ఉంది గానీ, సగం కూడా అవలేదు. అత్తయ్య చెయ్యి ఉన్నా ఇంకో వారం పడుతుంది."