ఒక్క గుడ్డతో పట్టించిన అరుగు

పెయింటరు నోరు విప్పాడంటే టీ కొట్టులో అందరి టీలూ చల్లారాల్సిందే. ఆ మధ్యాహ్నం వడ్రంగి కూడా అక్కడే ఉన్నాడు. తన కూతురి ఇంటి వెనక చెక్క అరుగు ఆయన కట్టిందే. పొద్దున దానికి రంగెక్కించే స్టెయిన్ నూనె పట్టించింది ఈ పెయింటరు. నెలలు నిండిన ఆ కూతురు అరుగు పక్క గదిలోనే నిద్రపోతోంది.

"మూడొందల అడుగుల అరుగు బాబాయ్. ఎవడైనా ఆరు లీటర్లంటాడు. నేను కంటితో కొలిచి మూడన్నాను, పట్టింది రెండే."

"చెక్క తాగదూ?" అంది కొట్టు అక్క.

"నా చెయ్యి పడితే దాని దాహం తీరిపోద్దక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలింది పక్కింటి గేటుకి కొట్టాను, ఏటి మీద చెక్క వంతెనకి కొట్టాను, అయినా డబ్బా అడుగు కనపడదే. వంతెన మీద వాలిన కొంగ జారి అవతలి గట్టున తేలింది. అంతా ఒకే ఒక్క గుడ్డతో."

"కొంగనీ తుడిచావా?" అన్నాడెవరో.

"నవ్వండి. ఆ గుడ్డ ఉండ చుట్టి మెట్ల కింద దోపాను. వచ్చేముందు ముట్టుకుంటే కుంపటే. పనితనం వేడి బాబాయ్ అది, టీ కాచుకోవచ్చు."

వడ్రంగి గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన కుర్రతనంలో పనిచేసిన వడ్రంగం కొట్టు అలాగే తగలబడింది. ఎవరూ నిప్పు పెట్టలేదు. ఉండచుట్టి పడేసిన నూనె గుడ్డలు వాటంతటవే రాజుకున్నాయి.

"ఎన్ని గుడ్డలు?"

"చెప్పాగా, ఒక్క..."

"నా కూతురు అక్కడ పడుకుందిరా. ఎన్ని?"

పెయింటరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "పదకొండు. మూడు ఉండలు."

ఇద్దరూ పరుగెత్తారు. మెట్ల కింద రెండు దొరికాయి, ఒకటి పొగలు కక్కుతోంది.

"మూడోది?"

"అమ్మాయి కిటికీ కింద."

వడ్రంగి దాన్ని కర్రతో లాగాడు. విడిపోయిన ఉండ నడుమ ఎర్రటి కన్ను. బకెట్లో ముంచితే నీళ్లు చుయ్యిమన్నాయి.

కిటికీ తెరుచుకుంది. "ఏంటి నాన్నా ఆ పొగ?"

వడ్రంగి మిగతా రెండు ఉండలూ బకెట్లో ముంచాడు. పెయింటరు తడి గుడ్డలు ఒక్కొక్కటే విప్పి నేల మీద పరిచాడు, లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు.

"పదకొండూ ఉన్నాయి బాబాయ్," అన్నాడు. ఎవరూ అడక్కపోయినా మళ్లీ అన్నాడు:

"లీటర్లు కూడా ఆరే పట్టాయి."